సీఎస్ఆర్ పద్దు వేరు, కాలుష్యం పద్దు వేరు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్లలో మీటింగు పెట్టినా, చీమకుర్తి క్వారీల దగ్గర పెట్టినా, కనిగిరి వైపు పెట్టినా జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. పదేళ్లకు పైగా ఈ రెండు జిల్లాల్లో స్వచ్ఛంద సంస్థల తరఫున సీఎస్ఆర్ పనులు, అంటే కంపెనీలు సమాజం కోసం డబ్బు పెట్టే కార్పొరేట్ సామాజిక బాధ్యత పనులు చూస్తున్నాను. ప్రతిసారీ నోటితో చెప్పేదాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను. సర్పంచులకు, హెడ్మాస్టర్లకు, డ్వాక్రా గ్రూపుల వాళ్లకు, చిన్నాచితకా వ్యాపారం చేసుకునే వాళ్లకు పనికొస్తే చాలు.

సీఎస్ఆర్ అంటే కంపెనీ ఇచ్చే విరాళమేనా?

కాదు. విరాళం మనసైతే ఇస్తారు, లేకపోతే లేదు. ఇది చట్టం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కిందికి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ప్రతి ఏటా సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఏ పనులకు పెట్టొచ్చో ఏడో షెడ్యూలులో ఉంది. తాగునీరు, వైద్యం, చదువు, పేదరికం తగ్గించడం, పర్యావరణం, గ్రామీణాభివృద్ధి, క్రీడలు, విపత్తుల్లో సాయం, ఇలాంటివన్నీ అందులో వస్తాయి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లాభంలో 2 శాతం ఎక్కడ పెట్టారన్నది ఒక ప్రశ్న. అసలు ఆ లాభం ఎలా వచ్చింది, నీళ్లు ఎక్కడి నుంచి తోడారు, పొగ ఎవరి మీదికి పోయింది, కూలి ఎంత ఇచ్చారు అన్నది ఇంకో ప్రశ్న. నా దృష్టిలో కంపెనీ బాధ్యత అంటే రెండోదే ముందు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే మన ఊళ్లు నష్టపోతున్నాయి.

మా ఊరి పక్కనున్న ప్రతి ఫ్యాక్టరీకీ ఇది వర్తిస్తుందా?

లేదు. ముందటి ఆర్థిక సంవత్సరంలో నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే విలువ) 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఈ మూడింట్లో ఏ ఒక్కటి చేరినా, దాటినా వర్తిస్తుంది. అది కంపెనీగా రిజిస్టర్ అయి ఉండాలి. పార్ట్‌నర్‌షిప్ మీద నడిచే గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఎంత సంపాదించినా ఈ సెక్షన్ కిందికి రాదు. అంత మాత్రాన దాన్ని ఏమీ అడగలేమని కాదు. 1974 నీటి చట్టానికి, 1981 గాలి చట్టానికి చిన్నాపెద్దా తేడా లేదు. కాలుష్యం పుట్టించే ఏ యూనిట్ అయినా వాటికి లోబడాల్సిందే.

కంపెనీ మా ఊళ్లోనే ఉంది. డబ్బు మాకే పెట్టాలి కదా?

పెడితే న్యాయం. చట్టం కూడా తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనే చెబుతుంది. కానీ అది సూచన లాంటిదేనని, అంతా అక్కడే పెట్టి తీరాలన్న నిబంధన కాదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021లో స్పష్టం చేసింది. ఏ పనికి ఎంతన్నది కంపెనీ బోర్డు నిర్ణయిస్తుంది. కలెక్టరు గారు గానీ, ఎమ్మెల్యే గారు గానీ ఫలానా ఊరికే పెట్టమని ఆర్డరు వేయలేరు. కాబట్టి అడిగే పద్ధతిలోనే మన బలం ఉంటుంది.

థర్మల్ కేంద్రం బూడిద గురించి అడిగితే "ఏందన్నా, పోయినేడు మీ ఊరికి ట్యాంకు కట్టించాం గదా" అంటున్నారు. ఏం చెప్పాలి?

ముత్తుకూరు వైపు ఒక ఊళ్లో ఈ మాట నా ఎదుటే అన్నారు. వీధి మీటింగు జరుగుతుంటే ఒక పెద్దమ్మ లేచి ఇంట్లోకి పోయింది. తీగ మీద ఆరేసిన మనవడి స్కూలు చొక్కా తెచ్చి అందరి ముందూ దులిపింది. కాలరు మడతలో సన్నటి బూడిద. కట్టెల పొయ్యి బూడిదలా ముద్దగా లేదు, వేళ్ల మధ్య రుద్దితే టాల్కం పౌడరులా జారిపోతోంది. కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి కూడా ఈ జిల్లా వాడే, మంచివాడే. అతనికి తెలిసిన జవాబు ట్యాంకు ఒక్కటే.

మన ఊళ్లో అంగడాయనకు మనం వెయ్యి రూపాయలు బాకీ ఉన్నామనుకోండి. వాళ్లమ్మాయి పెళ్లికి పోయి వెయ్యి నూట పదహార్లు చదివింపులు రాయించాం కాబట్టి బాకీ చెల్లిపోయిందంటే ఒప్పుకుంటాడా? చదివింపులు వేరు, బాకీ వేరు. ఇక్కడా అంతే. ట్యాంకు చదివింపులు. బూడిద బాకీ.

ఇది నా సొంత వాదన కాదు, సీఎస్ఆర్ నియమాల్లోనే ఉంది. వేరే చట్టం ప్రకారం ఎటూ చేసి తీరాల్సిన పనిని సీఎస్ఆర్ లెక్కలో చూపకూడదు. బూడిద సంగతికి విడిగా చట్టబద్ధమైన నోటిఫికేషనే ఉంది. 2021 డిసెంబర్ 31న వచ్చిన ఆ నోటిఫికేషన్ ప్రకారం బొగ్గు మీద నడిచే థర్మల్ కేంద్రాలు తమ బూడిద మొత్తాన్నీ ఇటుకలకో, సిమెంటుకో, రోడ్లకో వినియోగంలోకి తేవాలి. గడువులోగా వాడకుండా మిగిల్చిన దానికి టన్నుకు 1,000 రూపాయల చొప్పున పర్యావరణ పరిహారం కట్టాలి. బూడిద చెరువు ఎండి గాలికి లేవకుండా తడపడం, లారీల మీద పట్ట కప్పడం వాళ్లు మనకు చేసే ఉపకారం కాదు, వాళ్ల విధి.

ఆ రోజు ఆ పెద్దమ్మ అన్న మాటే జవాబు. "ట్యాంకు కట్టించారు, సంతోషం నాయనా. ఆ పద్దు వేరు. ఇప్పుడు బూడిద పద్దు తియ్యి."

మా ఊరికి ఆర్వో ప్లాంటు ఇస్తామన్నారు. తీసుకోవచ్చా?

తీసుకోండి. కానీ ప్రారంభోత్సవానికి ముందు అడగాల్సినవి అడిగి తీసుకోండి.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, అంటే కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం వైపు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత పని చేసిందో అక్కడి పిల్లల పళ్లు చూస్తే తెలుస్తుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టడంతో మొదలై కీళ్లు పట్టేసి నడుములు వంగిపోతాయి. అందుకే ఆ వైపు వచ్చే కంపెనీలు ఎక్కువగా ఇచ్చేది నీళ్ల ప్లాంటే. ఆలోచన మంచిదే.

కనిగిరి వైపు ఒక పల్లెలో అలా పెట్టిన ప్లాంటుకు కాగితాలు తయారుచేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. రెండేళ్లు దాటాక ఇంకో పని మీద అటు పోయి చూశాను. దాత పేరున్న బోర్డు రంగు కూడా పోలేదు. తలుపు తాళం మాత్రం తుప్పు పట్టి ఉంది. కిటికీలోంచి చూస్తే నీళ్లను వడగట్టే మెంబ్రేన్ గొట్టాల జాయింట్ల దగ్గర ఉప్పు పెచ్చులు, స్విచ్ బోర్డు నిండా సాలెగూళ్లు. వాకిట్లో నీలం మూతల ఇరవై లీటర్ల క్యాన్లు రెండు బోర్లా పడి ఉన్నాయి. ఎదురింటావిడ చెప్పింది, "ఆటోలో వచ్చే క్యాను కొంటున్నాం సార్, డబ్బుల్లేని రోజు బోరు నీళ్లే." ఏమైందని ఆరా తీస్తే పెద్ద కారణమేమీ లేదు. మెంబ్రేన్లు మార్చాల్సిన టైము వచ్చింది, ఎవరు మార్చాలో ఒప్పందంలో లేదు. కరెంటు బిల్లు పంచాయతీ కడుతుందని కంపెనీ అనుకుంది, కంపెనీ కడుతుందని పంచాయతీ అనుకుంది. మేం రాసిన నలభై పేజీల్లో నిర్వహణకు ఒక్క పేజీ లేదు. ఆ తప్పు మాది. దానికి మూల్యం ఆ ఎదురింటావిడ మోకాళ్లు చెల్లిస్తున్నాయి.

కాబట్టి అడగండి. నిర్వహణ ఖర్చు ఎన్నేళ్లు మీరు పెడతారు? మెంబ్రేన్లు మార్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? క్యానుకు ఎంత తీసుకోవాలి, ఆ వసూలు ఏ బ్యాంకు ఖాతాలో పడుతుంది, ఆ ఖాతాకు సంతకం ఎవరిది? డ్వాక్రా గ్రూపు చేతిలో పెట్టిన ప్లాంట్లు ఎక్కువ కాలం నడవడం నేను చూశాను. నెలనెలా లెక్క చూసే అలవాటు వాళ్లకు ముందే ఉంటుంది కాబట్టి. ఇంకొకటి, ప్లాంటు వదిలేసే ఉప్పు నీళ్లు ఎటు పోతాయని తప్పకుండా అడగండి. శుద్ధి అయిన నీళ్లతో పాటు ఫ్లోరైడ్ చిక్కబడ్డ నీళ్లు కూడా చాలా వస్తాయి. వాటిని బోరు పక్కనే గుంటలో వదిలితే తిరిగి అదే భూమిలోకి ఇంకుతాయి.

2021లో నియమాలు మారాక సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. పంచాయతీ లాంటి ప్రభుత్వ సంస్థకో, స్వయం సహాయక సంఘం రూపంలో లబ్ధిదారులకో, సీఎస్ఆర్ పనులకు నమోదై నంబరు తీసుకున్న రిజిస్టర్డ్ సంస్థకో చెందాలి. అంటే ఇచ్చిన మరునాటి నుంచి అది మీదే, దాని బాగోగులూ మీవే. అందుకే నిర్వహణ మాట ముందే కాగితం మీదికి రావాలి.

కంపెనీ ఏవేవి సీఎస్ఆర్‌గా చూపకూడదు?

తన ఉద్యోగులకు మాత్రమే పనికొచ్చేవి, ప్రకటన కోసం చేసే స్పాన్సర్‌షిప్‌లు, రాజకీయ పార్టీలకు ఇచ్చే చందాలు, తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసేవి. క్వార్ట్‌జ్, పలకలు, గ్రానైట్ కోసే కార్మికులకు మాస్కులు ఇచ్చి సీఎస్ఆర్ అంటే ఒప్పుకోవద్దు. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. అది చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. నీళ్లు చల్లుతూ కోయడం, ధూళిని లాగే ఏర్పాటు పెట్టడం యజమాని విధి.

మొక్కలు కూడా అంతే. రైతుల చేత జామాయిల్ వేయించి ఆ కట్టె తనే కొనుక్కునే కంపెనీకి అది వ్యాపారం. ఊరి చెరువు కట్ట మీద వేప, కానుగ నాటి మూడేళ్లు నీళ్లు పోసి బతికిస్తే అది వేరే మాట.

చీమకుర్తి వైపు క్వారీలకు సంబంధించి ఇంకేదో ఫండు ఉందంటారు. అదేంటి?

జిల్లా మినరల్ ఫౌండేషన్. 2015లో గనుల చట్టాన్ని సవరించి తెచ్చారు. గని లీజుదారులు రాయల్టీకి అదనంగా కట్టే డబ్బు అందులో పడుతుంది. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లకు తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికి ఖర్చు పెట్టాలి. ఇది సీఎస్ఆర్ కాదు, ఎవరి దయా కాదు. దీని సంగతి కలెక్టరేట్‌లో అడగాలి.

మా స్కూలుకో, సంఘానికో డబ్బు కావాలంటే ఎలా అప్లై చేయాలి?

డబ్బు నేరుగా తీసుకుని పనిచేసే ట్రస్టు లేదా సొసైటీ అయితే ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ అనే రిజిస్ట్రేషన్లు ఉండాలి. అదే రకం పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖకు సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తీసుకోవాలి. ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. ఇవేవీ లేని యువజన సంఘం అనుభవమున్న సంస్థతో కలవడమో, పంచాయతీ ద్వారానో, స్కూలు ద్వారానో వెళ్లడమో మేలు.

దరఖాస్తు రెండు పేజీలు చాలు. "మా స్కూలు అభివృద్ధికి సహకరించగలరు" అని రాస్తే పక్కన పెట్టేస్తారు. "ఆడపిల్లలు నూట పది మంది, పనిచేసే మరుగుదొడ్డి ఒకటి, నీటి కనెక్షన్ లేదు, అంచనా ఇంత, శుభ్రం చేసే మనిషి జీతం పేరెంట్స్ కమిటీ చూస్తుంది" అని రాస్తే చదువుతారు. కంపెనీలు ఏప్రిల్, మే నెలల్లో ఏడాది ప్లాను వేసుకుంటాయి. ఫిబ్రవరిలో పోయి అడిగితే చాలాసార్లు ఏమీ మిగిలి ఉండదు.

వాళ్లు నిజంగా ఖర్చు పెట్టారో లేదో మాకెలా తెలుస్తుంది?

కంపెనీ వార్షిక నివేదికలో సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది. కేంద్రం నడిపే నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్‌లోనూ కంపెనీ పేరుతో వెతకొచ్చు. కాలేజీ చదివే పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుంటే అరగంట పని.

పెట్టని డబ్బుకూ లెక్కుంది. కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు చేయాలి. అలాంటి ప్రాజెక్టుది కాకపోతే ఆరు నెలల్లో ఏడో షెడ్యూలులోని ప్రధానమంత్రి సహాయ నిధి లాంటి వాటికి పంపాలి. అలా చేయకపోతే కట్టాల్సిన దానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, రెండింట్లో ఏది తక్కువైతే అది జరిమానా.

కొత్త ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు పెట్టే పబ్లిక్ హియరింగ్‌కు పోయి లాభముందా? అంతా ముందే అయిపోయి ఉంటుంది కదా?

ఈ నిరాశ నాకు అర్థమవుతుంది. షామియానా, పోలీసులు, ముందు వరసలో మనకు తెలియని ముఖాలు. అయినా పోవాల్సిందే. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లలో ప్రకటన ఇవ్వాలి. కలెక్టరు లేదా ఆయన తరఫు సీనియర్ అధికారి అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో నమోదు చేసిన అంశాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆ చదివేటప్పుడు కదలకండి. మీరన్న మాట అందులో లేకపోతే లేచి అక్కడే చెప్పండి.

అక్కడ కంపెనీ ఇచ్చే హామీలకు విలువుంది. 2020 సెప్టెంబర్ 30న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన ఆదేశం ప్రకారం హియరింగ్‌లో ఇచ్చిన హామీలు పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో చేరాలి. పర్యావరణ అనుమతి వచ్చాక ఆ అనుమతి కాపీ పంచాయతీకి అందాలి. మీ పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉందేమో వెతికించండి. షరతులు ఎంతవరకు పాటించారో కంపెనీ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. ప్రైవేటు కంపెనీని సమాచార హక్కు కింద అడగలేం గానీ, అది కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చిన కాగితాలను మండలి దగ్గర అడగొచ్చు.

మాకు నాలుగెకరాల రొయ్యల గుంటలున్నాయి. ఇదంతా పెద్ద కంపెనీల గొడవ కదా?

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రైతులతో నేను ఎక్కువసేపు కూర్చునేది ఈ ప్రశ్న దగ్గరే. కంపెనీని మనం అడుగుతున్న ప్రశ్నే పక్క వరి రైతు మనల్ని అడుగుతున్నాడు. "మీ ఉప్పు నీళ్లు నా మడిలోకి ఊరుతున్నాయి" అని.

2005 కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ప్రకారం తీరప్రాంత గుంటలు ఎంత చిన్నవైనా రిజిస్టర్ కావాలి. ఐదు హెక్టార్లు దాటితే వదిలే నీటిని శుద్ధి చేసే ఏర్పాటు తప్పనిసరి. నాలుగెకరాలకు ఆ నిబంధన లేదు, నిజమే. కానీ వైట్ స్పాట్ రోగం తగిలిన రొయ్యల గుంటను రాత్రికి రాత్రి కాలవలోకి గండి కొడితే తెల్లారి కింది రైతు మోటారు వేసి ఆ నీళ్లనే తోడుకుంటాడు. వాడి గుంటా పోతుంది. వారం తిరిగేసరికి ఆ కాలవ పొడుగునా గుంటల్లో గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతాయి. బ్లీచింగ్ కొట్టి, కొన్ని రోజులు నిలవ ఉంచి, అప్పుడు వదలాలి. అందరూ కలిసి కాలవకు ఒక కట్టుబాటు పెట్టుకున్న చోట నష్టం తగ్గింది.

యాంటీబయోటిక్స్ సంగతీ ఇలాంటిదే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు దొరికితే ఎగుమతి కంటైనరు వెనక్కి వస్తుంది. 2016లో యూరోపియన్ యూనియన్ మన రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఒకరు మందు కలిపితే మొత్తం జిల్లా రొయ్యల ధర పడిపోతుంది. సస్టైనబిలిటీ అన్న మాట పలకడం కష్టంగా ఉండొచ్చు గానీ, దాని అర్థం వచ్చే పంటకు కూడా ఈ నేల, ఈ కాలవ పనికిరావాలన్నదే.

చట్టం రాకముందు వ్యాపారులు ఊరికి ఏమీ చేయలేదా?

ఎందుకు చేయలేదు. నెల్లూరు పక్కన పల్లిపాడులో పెన్న ఒడ్డున గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. దక్షిణాఫ్రికాలో ఆయనకు అండగా నిలిచిన వ్యాపారి పార్సీ రుస్తుంజీ ఇచ్చిన డబ్బుతో అక్కడ భవనం కట్టారు. సంపద ఉన్నవాడు దానికి యజమాని కాదు, ధర్మకర్త మాత్రమేనని గాంధీజీ చెప్పేవారు. వీలైతే ఒకసారి ఆ ఆశ్రమానికి పోయి చూడండి, నెల్లూరు నుంచి ఎంతో దూరం లేదు.

మా ఊళ్లో సగం మందికి ఆ కంపెనీలోనే పని. గట్టిగా అడిగితే ఉద్యోగాలు పోతాయని భయం. ఎలా?

ఆ భయం నిజమైనది, తీసిపారేయకూడదు. అందుకే ఒక్కరు పోయి అడగొద్దు. పంచాయతీ తీర్మానంగా పోవాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద లేచిన ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి ఉంటే మొగుళ్ల చేతిలోనే అణగిపోయేవాళ్లు. ఊరంతా ఒక్కటైంది కాబట్టే అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. మనం ఫ్యాక్టరీ మూయమనడం లేదు. లారీకి పట్ట కప్పమంటున్నాం.

ఈ సస్టైనబిలిటీ రిపోర్టులు ఇంగ్లీషులో వందల పేజీలు ఉంటాయి. వాటితో మాకేం పని?

ఒక్క పట్టిక కోసం చూడండి. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2021 మేలో బీఆర్ఎస్ఆర్ అనే బాధ్యత, సస్టైనబిలిటీ నివేదిక తెచ్చింది. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి తప్పనిసరి. ఎంత నీరు తోడారు, ఎంత వ్యర్థం వచ్చింది, ఎంతమంది కార్మికులకు ప్రమాదాలు జరిగాయి అన్నవన్నీ అందులో చెప్పాలి. మొదట్లోనే ఫిర్యాదుల పట్టిక ఒకటుంటుంది. చుట్టుపక్కల జనం నుంచి ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పెండింగులో ఉన్నాయి అని.

బూడిద గురించి, లారీల గురించి, చేపలు చావడం గురించి మన వాళ్లు గేటు దగ్గర సెక్యూరిటీతో గొడవపడతారు, ఫోన్లో అరుస్తారు, టీ అంగడి దగ్గర తిట్టుకుంటారు. అవేవీ ఆ పట్టికలో పడవు. నోటిమాట మిగిల్చేది అక్కడ సున్నాయే. ఆ సున్నా చూసి బొంబాయిలో కూర్చున్న ఇన్వెస్టరు ఊళ్లో అంతా బాగుందనుకుంటాడు.

అందుకే తెలుగులోనే రాయండి, ఒక్క పేజీ. తేదీ, టైము, ఎక్కడ, ఏం జరిగింది, ఫోటో. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, సంతకం తీసుకోండి. ఇవ్వనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒక కాపీ పంపండి.

చొక్కా దులిపిన ఆ పెద్దమ్మ ఇప్పుడు ఆ ముద్ర పడ్డ కాగితాలను రేషన్ కార్డు, డ్వాక్రా పాస్‌బుక్కు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లోనే దాచుకుంటోంది. పోయినసారి వెళ్లినప్పుడు తీసి చూపించింది. ఏడు కాగితాలున్నాయి.